పాటను గీతలమీద నిలిపిన సన్యాసి – అరెట్సో గ్విడో జీవితము

మన డయాసిస్ శతజయంతి సంచికకు సంగీతమును గూర్చి ఒక వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు కోరినప్పుడు, స్వరములను, స్వరలిపిని నేర్చుకొను విధమును గూర్చి వ్రాయుట మేలని మేము తలంచితిమి. అయితే పాఠమును పాఠముగానే వ్రాసినయెడల చదువువారు కొద్దిమందియే యుందురు. కనుక పాశ్చాత్య సంఘములకు ఆ పాఠమును నేర్పిన ఒక దైవసేవకుని జీవితమును చెప్పి, దానితోపాటే పాఠమును కూడ చెప్పుటకు పూనుకొనుచున్నాము.

ముందుగా మా సంఘములో జరిగిన ఒక సంగతి. మా గుడిలో ఒక వృద్ధురాలు ఉండెడివారు. మేమందరము ఆమెను మామ్మగారు అని పిలిచెడివారము. ఆమెకు చదువు అంతగా లేదు గాని, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నూటికి పైగా కంఠస్థముగా వచ్చును. శ్రమదినములలో పాడెడి ఒక కీర్తన పాత వరుస ఆమెకొక్కరికే తెలియును. నేర్చుకొందమని మా గాయక బృందమువారు ప్రతి సంవత్సరము అనుకొనుట, పండుగ పనులలో పడి మరచిపోవుట జరుగుచుండెను. ఒక వర్షకాలమున మామ్మగారు ప్రభువు సన్నిధికి వెళ్లిపోయిరి. కీర్తన పుస్తకములో ఆ కీర్తన నేటికిని ఉన్నది. దానిపైన రాగము పేరు, తాళము పేరు అచ్చుపడియున్నవి. అయితే ఆ రాగములో మన పెద్దలు ఆ చరణములను ఏ వరుసలో పాడిరో, ఎక్కడ స్వరమును ఎత్తిరో, ఎక్కడ దించిరో పుస్తకము చెప్పదు. ఇప్పుడు మేము ఆ కీర్తనను వేరొక వరుసలో పాడుకొనుచున్నాము. పుస్తకము పోలేదు, పాట పోయినది.

ఇట్టి నష్టము మనకు మాత్రమే కలిగినది కాదు. 636వ సంవత్సరములో మరణించిన సెవిల్ బిషప్పు ఇసిదోరు అను పండితుడు, ధ్వనులను వ్రాయుటకు వీలులేదు గనుక మనుష్యుని జ్ఞాపకములో నిలువనియెడల అవి నశించిపోవునని తన గ్రంథములో వ్రాసియుంచెను. నాలుగు వందల సంవత్సరములు గడచిన తరువాత ఒక పేద సన్యాసి ఆ మాటను మార్చివేసెను. ఆయనయే గ్విడో.

మఠ జీవితము

గ్విడో ఇటలీ దేశస్థుడు. సుమారు 991వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. బెనెడిక్టు సభకు చెందిన పొంపోసా మఠములో సన్యాసిగా నుండెను. ఈ మఠము ఉత్తర ఇటలీలో, ఫెరారా పట్టణమునకు తూర్పున, పో నది పాయలుగా చీలి ఏడ్రియాటిక్ సముద్రములో కలియు ప్రాంతమున గలదు. మన గోదావరి పాయల మధ్యనున్న లంకలను చూచినవారికి ఆ చోటు ఎట్లుండునో సులభముగా మనస్సునకు వచ్చును.

బెనెడిక్టు సభవారి నియమము ప్రకారము సన్యాసులు పగలు ఏడుసార్లును, రాత్రివేళ ఒకసారియు ఆరాధనకు కూడుకొనవలెను. 150 కీర్తనలును ప్రతి వారము పూర్తి కావలెను. ఒక్కొక్క కీర్తనకు ముందు వెనుకల పాడెడి చిన్న పాటలు వేరుగా నుండెను. క్రిస్మసు పాటలు వేరు, పునరుత్థాన పండుగ పాటలు వేరు, పరిశుద్ధుల దినములకు పాటలు వేరు. ఈ విధముగా సంవత్సరము పొడుగున పాడవలసిన పాటలు వేలసంఖ్యలో నుండెను.

ఆ పాటలన్నిటిని పిల్లలు గురువు నోట విని, తిరిగి పాడి, జ్ఞాపకముంచుకొనవలసినదే. అప్పటికే, అనగా 9వ శతాబ్దము నుండి, పదములపైన చిన్న చిన్న గుర్తులు పెట్టుట వాడుకలోనికి వచ్చెను. గుర్తు పైకి లేచినయెడల స్వరము పైకి పోవుననియు, క్రిందికి వంగినయెడల స్వరము దిగుననియు దానివలన తెలియును. అయితే ఎంత పైకి? ఒక మెట్టా, మూడు మెట్లా? ఆ గుర్తు చెప్పలేదు. పాట ముందే వచ్చినవానికి ఆ గుర్తులు జ్ఞాపకము చేయగలవు గాని, రానివానికి నేర్పలేవు. మన కీర్తన పుస్తకములో రాగము పేరు ఎట్లో, వారి పుస్తకములో ఆ గుర్తులు అట్లే.

దీనివలన కలుగు చిక్కులు అనేకములు. గురువులు ఇద్దరైనచో పాట రెండు విధములగును. పిల్లవాడు పది సంవత్సరములు నేర్చినను గురువు ప్రక్కన లేనిదే ఒక్క కొత్త పాటయైనను తనంతట తాను పాడలేడు. ఆ పది సంవత్సరములును పాట నేర్చుటకే పోవుచుండగా, లేఖనముల చదువునకు సమయము మిగులుటలేదని గ్విడో మిక్కిలి దుఃఖపడెను. ఆయన వ్రాతలలో ఈ బాధ మరల మరల కనబడుచున్నది.

గీతల ఉపాయము

గ్విడో పొంపోసాలో మైకేలు అను సహోదర సన్యాసితో కలిసి, మఠములో పాడెడి పాటల పుస్తకమును కొత్త పద్ధతిలో వ్రాయ మొదలుపెట్టెను. ఆ పద్ధతి వినుటకు చాల చిన్న విషయము.

పదములపైన అడ్డముగా గీతలు గీయవలెను. ప్రతి గీత ఒక స్వరమునకు స్థానము. గీతకు గీతకు మధ్యనున్న ఖాళీ కూడ ఒక స్వరమునకు స్థానము. ఒక గీత నుండి ప్రక్క ఖాళీకి పోయిన ఒక మెట్టు, గీత నుండి పై గీతకు పోయిన రెండు మెట్లు. పాటలో ఒక స్వరము ఎన్నిసార్లు వచ్చినను అది తన గీతమీదనో, తన ఖాళీలోనో ఉండవలసినదే గాని మరియొక చోట ఉండరాదు. గుడిలో ఎవరి బల్లమీద వారు కూర్చుండినట్లుగా స్వరములు తమ తమ చోట్ల కూర్చుండెను. అంతవరకు గాలిలో తేలుచుండిన గుర్తులకు ఇప్పుడు నేల దొరికెను. గీతలు గీయుట ఆయనకు ముందును అచ్చటచ్చట ఉండెను. గీతను, ఖాళీని సమానముగా వాడి, ప్రతి స్వరమునకు నిలుకడయైన చోటు ఏర్పరచి, దానిని ఒక పద్ధతిగా బోధించుట గ్విడో చేసిన పని.

అయితే మెట్లన్నియు ఒకే ఎత్తు గలవి కావు. ఇది స్వరశాస్త్రములో మొదటి పాఠము. మన శంకరాభరణ రాగమును తీసికొందము. స నుండి రి పెద్ద మెట్టు, రి నుండి గ పెద్ద మెట్టు. గ నుండి మ మాత్రము చిన్న మెట్టు, అనగా సగము మెట్టు. మ నుండి ప, ప నుండి ద, ద నుండి ని పెద్ద మెట్లు. ని నుండి పై స మరల చిన్న మెట్టు. ఈ ఏడు మెట్లలో రెండు చిన్నవి, ఐదు పెద్దవి. చిన్న మెట్టు ఎక్కడనున్నదో తెలియక పాదము పెట్టినవాడు తడబడును. పాటలో అపశ్రుతి ఎక్కువగా వచ్చునది అచ్చటనే.

పాశ్చాత్యులు స్వరములకు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి అని అక్షరముల పేర్లు పెట్టుకొనిరి. వారి లెక్కలో బి నుండి సి, ఇ నుండి ఎఫ్ చిన్న మెట్లు. గ్విడో ఏమి చేసెననగా, ఎఫ్ స్వరపు గీతను ఎఱ్ఱరంగుతోను, సి స్వరపు గీతను పసుపురంగుతోను గీసెను. ఈ గీతకు దిగువనున్నది చిన్న మెట్టు సుమా అని ఆ రంగు గాయకుని హెచ్చరించును. సి స్వరమును స అనుకొన్నయెడల, పసుపు గీత మన స, ఎఱ్ఱ గీత మన మ అగును. గీత మొదట ఆ స్వరము అక్షరమును కూడ వ్రాసెడి వాడుక ఉండెను. నేటి సంగీత పుస్తకములలో గీతల మొదట కనబడు వంకర గుర్తులు ఆ అక్షరములే కాలక్రమమున మారిన రూపములు. ఇప్పుడు గీతలు ఐదు, రంగు లేదు. మూలసూత్రము మాత్రము అదే.

సొంత ఇంటిలో వ్యతిరేకత

ఇంత మేలైన పనిని చూచి మఠమువారు సంతోషించియుందురని మనము తలంచుదుము. కాని జరిగినది వేరు. సహోదర సన్యాసులకు అది రుచింపలేదు. పది సంవత్సరములు కష్టపడి పాటలు నేర్చి, పాటకు తామే ఆధారమని యుండిన పెద్దలకు, ఒక చిన్నవాడు గీతలు గీసి నిన్నటి పిల్లలచేత అవే పాటలు పాడించుట ఎట్లు నచ్చును? అసూయ పెరిగెను. మఠాధిపతి కూడ ఆ పక్షపువారి మాటలు వినెను. గ్విడో మఠము విడిచి వెళ్లవలసి వచ్చెను. మైకేలునకు కూడ సుఖము లేకపోయెను.

తరువాతి కాలమున మైకేలునకు వ్రాసిన ఉత్తరములో గ్విడో ఒక పాత కథను జ్ఞాపకము చేసెను. పగులని గాజును కనిపెట్టిన ఒక పనివాడు దానిని చక్రవర్తికి చూపి బహుమానము పొందుదునని వచ్చి, బహుమానమునకు బదులు మరణమును పొందెనట. తన కథయు అట్టిదేనని ఆయన బాధ. అయినను ఆ ఉత్తరములో ద్వేషము లేదు. తమ తరువాత వచ్చువారు ఇంత కష్టము పడకుండ పాట నేర్చుకొని, తమకొరకు ప్రార్థించినయెడల అదియే చాలునని ఆయన కోరిక.

సంఘ చరిత్రలో ఇట్టివి అనేకములు. కొత్తవాడు మంచి పని తెచ్చినప్పుడు పాతవారు దానిని తమ గౌరవమునకు దెబ్బ అనుకొందురు. మా గాయక బృందములో కూడ ఇట్టి దినములు లేకపోలేదు. పెద్దలమైన మేమును అప్పుడప్పుడు ఆ పొంపోసా సన్యాసుల పక్షముననే నిలిచియుంటిమని ఒప్పుకొనుచున్నాము.

అరెట్సో పట్టణములో

సుమారు 1025వ సంవత్సరమున గ్విడో మధ్య ఇటలీలోని అరెట్సో పట్టణమునకు వచ్చెను. అచ్చటి బిషప్పు థియోడాల్డు గారు ఆయనను ఆదరించి, ప్రధాన దేవాలయములో పాడెడి బాలురకు సంగీతము నేర్పు పనిని అప్పగించిరి. వారి ప్రోత్సాహమువలననే గ్విడో తన ముఖ్య గ్రంథమైన మైక్రోలోగస్ వ్రాసి, దానిని వారికే అంకితము చేసెను. ఆ పేరునకు చిన్న ప్రసంగము అని అర్థము. అందు ఇరువది అధ్యాయములు గలవు. స్వరముల సంఖ్య, ఒకే తంతి గల వాద్యముమీద ఆ స్వరముల స్థానములను కొలుచు విధము, స్వరముల మధ్య దూరములు, పాట నడక, రెండు గొంతులు కలిసి పాడుట, ఇవన్నియు అందులో క్రమముగా చెప్పబడినవి. మధ్యయుగములో సంగీతము చదివినవారు అత్యధికముగా చేతబట్టిన పుస్తకములలో ఇది ఒకటి.

ఆ పుస్తకమును ఆయన పండితులకొరకు వ్రాయలేదు. బోయీతియస్ అను ప్రాచీన పండితుని సంగీత గ్రంథము తత్వవేత్తలకు పనికివచ్చునే గాని గాయకులకు కాదని ఆయన నిర్మొగమాటముగా చెప్పెను. బాలుడు పాడగలుగవలెను, అదియే ఆయన గురి. ఒక నెల తిరుగకమునుపే తన శిష్యులలో కొందరు మునుపెన్నడు చూడని, వినని పాటలను పుస్తకము చూచి తడబడక పాడిరని ఆయన సంతోషముతో వ్రాసెను. పది సంవత్సరముల పని ఒక సంవత్సరములో, మరీ ఆలస్యమైన రెండు సంవత్సరములలో ముగియునని ఆయన లెక్క.

తెలిసి పాడువానికిని, తెలియక పాడువానికిని గల భేదము చాల గొప్పదని గ్విడో ఒక పద్యగ్రంథములో కఠినముగానే పలికెను. మామ్మగారిని ఎరిగిన మాకు ఆ మాట కొంచెము నొప్పిగా నుండును. ఆమెకు స్వరముల పేర్లు తెలియవు, అయినను ఆమె పాటలో తప్పు మేమెన్నడు వినలేదు. అయితే ఆమె తనకు తెలిసినదానిని మరియొకరికి కాగితముమీద ఇచ్చి పోలేకపోయిరి. గ్విడో మాటలోని సత్యము అచ్చట మాకు బోధపడినది.

ఆరు అక్షరములు

గీతలు కంటికి దారి చూపినవి. అయితే కన్ను చూచిన స్వరమును గొంతు ఎట్లు పట్టుకొనవలెను? మొదట మొదట బాలురు ఒంటితంతి వాద్యమును మీటి, ఆ ధ్వనిని విని పాడెడివారు. అది ఆరంభమునకు మంచిదే గాని, ఎల్లప్పుడు దానిమీదనే ఆనుకొనియుండుట పసిపిల్లల పనియని గ్విడో తలంచెను. అందుకు ఆయన చేసిన ఉపాయము ఇది.

బాప్తిస్మమిచ్చు యోహాను పండుగకు, అనగా జూన్ 24వ తేదీన, పాడెడి ఒక లాటిను స్తుతిగీతము గలదు. దానిని 8వ శతాబ్దమునకు చెందిన పౌలు అను డీకను రచించెనని చెప్పుదురు. గ్విడో బోధించిన వరుసలో ఆ గీతము మొదటి ఆరు భాగములు ఒక్కొక్కటి ఒక్కొక్క మెట్టు పైనుండి మొదలగును. ఆ ఆరు భాగముల మొదటి అక్షరములు ఉత్, రే, మీ, ఫా, సోల్, లా. బాలుడు ఆ పాటను బాగుగా కంఠస్థము చేయవలెను. తరువాత పుస్తకములో ఏ స్వరము కనబడినను, ఆ స్వరముతో మొదలగు భాగమును మనస్సులో తలంచుకొన్నయెడల స్వరము తానే నోటికి వచ్చును. తెలిసిన పాట తెలియని పాటకు తాళపుచెవి ఆయెను.

ఈ ఆరు స్వరములు మన శంకరాభరణములోని స, రి, గ, మ, ప, ద స్వరములకు సరిపోవును. మీ నుండి ఫా చిన్న మెట్టు, మన గ నుండి మ వలెనే. మిగిలినవన్నియు పెద్ద మెట్లు. ఆరు పేర్లలో ఒకే ఒక చిన్న మెట్టు, అదియు సరిగా నడుమ. కనుక మీ, ఫా అని పలుకగానే బాలుని గొంతు అచ్చట చిన్న అడుగు వేయవలెనని నేర్చుకొనెను.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. స్వరములకు పేర్లు పెట్టుటలో మన దేశము వెనుకబడినది కాదు. సప్తస్వరముల పేర్లు భరతుని నాట్యశాస్త్రములోనే కలవు. తమిళనాడులోని పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలై శిలమీద సుమారు 7వ శతాబ్దమున స్వరాక్షరములే చెక్కబడినవి. గ్విడో ఘనత పేర్లు పెట్టుటలో మాత్రమే లేదు. పేరును, గీతను, గొంతును ఒకచోట కలిపి, సామాన్యుడైన పిల్లవాడు ఆరాధనలో చూచి పాడునట్లు చేయుటలో నున్నది.

తరువాతి తరములవారు స్వరములను ఎడమచేతి వ్రేళ్ల కణుపులమీద లెక్కించు పద్ధతిని కల్పించి, దానికి గ్విడో హస్తము అని పేరు పెట్టిరి. అది ఆయన గ్రంథములలో లేదు. అయినను కొన్ని శతాబ్దములు ఐరోపా బాలురు ఆ చేతిని చూచియే పాఠము చెప్పుకొనిరి.

రోమాపురి ప్రయాణము

అరెట్సో బాలుర సంగతి రోమాపురి వరకు ప్రాకెను. 1024 నుండి 1032 వరకు పోపుగా నుండిన 19వ యోహాను గారు ఆశ్చర్యపడి, ముగ్గురు దూతలచేత గ్విడోకు కబురు పంపిరి. గ్విడో, గ్రిమాల్డు అను మఠాధిపతి తోను, అరెట్సో దేవాలయ పెద్దయైన పేతురు తోను కలిసి వెళ్లెను.

పోపుగారు ఆయన పాటల పుస్తకమును చేత తీసికొని, పుటలు త్రిప్పుచు, అందలి నియమములను అడిగి తెలిసికొనిరి. అంతటితో విడువలేదు. తాము మునుపెన్నడు వినని ఒక చరణమును ఆ గీతలను చూచి తామే పాడువరకు కూర్చున్న చోటినుండి లేవలేదు. ఇతరులనుగూర్చి విని నమ్మలేకపోయిన సంగతిని తమయందే చూచుకొనిరి. మాకు ఈ దృశ్యము మిక్కిలి ఇష్టము. అంతటి పదవిలో నున్నవారు ఒక సామాన్య సన్యాసి యెదుట శిష్యునివలె కూర్చుండి, పాఠము నేర్చుకొనిరి. నేర్చుకొనుటకు సిగ్గుపడనివాడే నేర్చుకొనును.

రోమాలో గ్విడో ఎక్కువకాలము ఉండలేకపోయెను. వేసవికాలపు ఉక్కకు, బురదనేలల గాలికి ఆయన ఆరోగ్యము చెడి, ప్రాణభయము కలిగెను. చలికాలమున తిరిగి వచ్చి పోపుగారికిని, వారి సేవకులకును పూర్తిగా బోధించుటకు ఒప్పుకొని సెలవు తీసికొనెను.

ఆ దినములలోనే ఆయన పొంపోసా మఠాధిపతిని దర్శించెను. వారి పేరు కూడ గ్విడోయే. వారు ఆ పాటల పుస్తకమును చూచి, ఒకప్పుడు అసూయపరుల మాట విన్నందుకు పశ్చాత్తాపపడి, మరల తమ మఠమునకు రమ్మని వేడుకొనిరి. వెళ్లగొట్టిన ఇంటివారే తలుపు తెరచిరి. ఈ సంతోషమును మైకేలునకు తెలియజేయుటకే గ్విడో మనము పైన చెప్పిన ఉత్తరమును వ్రాసెను. ఆరు అక్షరముల పాఠము మనకు దొరికినది కూడ ఆ ఉత్తరములోనే. ఒక స్నేహితుని ఓదార్చుటకు వ్రాసిన ఉత్తరము లోకమునకు సంగీత పాఠమాయెను.

ఆయన మరణదినము ఏ గ్రంథములోను వ్రాయబడలేదు. అరెట్సో పట్టణములో 1882లో ఆయన శిలావిగ్రహము నిలిపిరి. 1952 నుండి ఆయన పేరట అచ్చట అంతర్జాతీయ గాయక బృందముల పోటీలు జరుగుచు వచ్చినవి.

ఆ విత్తనము మన దేశమునకు వచ్చిన విధము

గ్విడో తరువాత ఏడవ స్వరమునకు సి అను పేరు చేరెను. 17వ శతాబ్దమున ఇటలీవారు ఉత్ అనుట కష్టమని డో అనిరి. 19వ శతాబ్దమున ఇంగ్లండులో నార్విచ్ పట్టణవాసియైన సారా గ్లోవరు అను ఆమె, పేద పిల్లలకు సులభముగా నుండునని గీతలకు బదులు ఆ పేర్ల మొదటి అక్షరములతోనే పాట వ్రాయు పద్ధతిని ఏర్పరచి, 1835లో దానిని అచ్చువేయించెను. 1841లో హల్ పట్టణమున కూడిన ఆదివారపు బడి ఉపాధ్యాయులు, పిల్లలకు పాట నేర్పుటకు మేలైన మార్గము కనుగొనుమని జాన్ కర్వెన్ అను పాదిరిగారిని కోరిరి. ఆయనకే మొదట స్వరలిపి చదువ రాదు. గ్లోవరు పద్ధతిని నేర్చి, దానిని బాగుచేసి, టానిక్ సోల్‌ఫా అను పేరుతో వ్యాపింపజేసెను. సి అను పేరును టి అని మార్చినది కూడ ఈ పద్ధతిలోనే. సోల్, సి రెంటికిని మొదటి అక్షరము ఇంగ్లీషులో ఒకటే యగుటవలన అట్లు చేసిరి. మిషనెరీలు ఈ పద్ధతిని ఆఫ్రికాకు, మడగాస్కరునకు, మన దేశమునకు తెచ్చిరి. మిజోరాములోని సంఘములు నాలుగు గొంతులతో అంత చక్కగా పాడుటకు, వారి పాటల పుస్తకములలో సోల్‌ఫా అచ్చుపడియుండుటయు, చిన్నతనముననే దానిని నేర్పుటయు ముఖ్య కారణములు.

తెలుగు లిపికి కూడ ఈ విషయములో గొప్ప భాగము కలదు. 1890ల కాలమున మద్రాసులో చిన్నస్వామి ముదలియారు గారు దక్షిణదేశపు కీర్తనలను పాశ్చాత్య గీతల స్వరలిపిలో అచ్చువేయ పూనుకొనిరి. వారి ప్రోద్బలమువలన సుబ్బరామ దీక్షితులు గారు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అను పెద్ద గ్రంథమును తెలుగు లిపిలో సిద్ధపరచగా, అది 1904లో ఎట్టయపురమున ప్రకటింపబడెను. స్వరములనే గాక, స్వరమును ఊపెడి గమకములకు కూడ అందు గుర్తులు పెట్టిరి. వ్రాయనియెడల ఆ కృతులలో అనేకములు మనకు ఈ రూపమున దక్కియుండెడివి కావు.

మనము చేయదగిన పని

ఇప్పుడు ఇంత శ్రమ యెందుకు, చేతిలోని ఫోనులో పాట పట్టుకొన్న చాలదా అని యువకులు అడుగుదురు. మంచిదే, తప్పక పట్టుకొనవలెను. అయితే ఫోనులోని పాటను విని నేర్చుకొనుట, గ్విడోకు ముందటి బాలురు గురువు నోట విని నేర్చుకొనుటవంటిదే. పాడినవారి దగ్గు, వారి శ్రుతి, వారి తప్పు అన్నియు దానితో వచ్చును. స్వరము వ్రాసిన కాగితము పాట ఎముకలను చూపును. దానిని పదిమంది ఒకేసారి చూచి, ఒకే విధముగా, తమ గొంతునకు తగిన శ్రుతిలో పాడగలరు. కాగితము గమకమంతటిని చెప్పలేదు గనుక గురువు కావలసియే యుండును. ఫోను, కాగితము, గురువు, ఈ మూడును కూడియున్నయెడల పాట నశింపదు.

నేర్చుకొనుటకు కావలసినది గొప్ప విద్య కాదు. మొదట శంకరాభరణపు ఏడు మెట్లు. వాటిలో చిన్న మెట్లు రెండు ఎక్కడనున్నవో చెవికి పట్టించుట. తరువాత బాగుగా వచ్చిన ఒక్క కీర్తనకు స్వరములు పాడుకొని, తాళము లెక్కకు గీతలు గీసి, వ్రాసికొనుట. ఆదివారపు బడిలో వారమునకు పావుగంట ఇచ్చినయెడల పిల్లలు త్వరలోనే తమంతట తాము ఒక సులభమైన పాటను చదివి పాడగలరని మా అనుభవము. పెద్దలమైన మాకు పట్టినకాలము వారికి పట్టలేదు.

ఈ శతజయంతి సంవత్సరమున ప్రతి సంఘములోను గాయక బృందమువారు ఒక పట్టిక వ్రాయవలెనని మా మనవి. ఏ కీర్తన పాత వరుస ఎవరికి వచ్చును, వారి వయస్సు ఎంత, వారి ఇల్లు ఎక్కడ. ఆ పట్టికలో వయస్సున పెద్దవారి యింటికి ముందుగా వెళ్లవలెను. మా సంఘములో ఈ పని మొదలైనది. ఇప్పటికి పదకొండు కీర్తనల వరుసలు స్వరములతో వ్రాసికొంటిమి. మామ్మగారి కీర్తన వాటిలో లేదు. ఆ పుటను ఖాళీగా ఉంచితిమి. మన డయాసిస్‌లో ఏ ఊరనైనను, ఏ తల్లికైనను ఆ శ్రమల కీర్తన పాత వరుస వచ్చియున్నదని తెలిసినయెడల, కబురు పంపుడి. కాగితము, కలము పట్టుకొని మేమే వచ్చెదము.